సౌనాకు బదులు చెప్పిన ల్యాప్‌టాప్

పళ్ళు తోముకునే బ్రష్షుకి పాస్‌వర్డ్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నా పేరు కైసు లెయినోనెన్, హెల్సింకీకి ఎంతో ఉత్తరాన ఉన్న కాయాని అనే ఊళ్ళో ఇన్నేళ్ళుగా దంతవైద్యం చేస్తున్నాను. ఆ మధ్య ఒకాయన నా కుర్చీలో కూర్చుంటూనే తన కొత్త బ్రష్షు ఫోనుతో మాట్లాడుతుందని గొప్పగా చెప్పాడు. నోరు తెరిపించి చూస్తే చిగుళ్ళ నుంచి రక్తం. ఇదేమిటని అడిగితే, బ్రష్షు ఫోనుకి కలవడం మానేసిందనీ, అది బాగయ్యేదాకా తోముకోవడం ఆపాననీ అన్నాడు. "ఫోను జేబులో పెట్టుకోండి, బ్రష్షు నోట్లో పెట్టుకోండి" అని చెప్పి పంపాను.

నా అభిప్రాయాలన్నీ ఈ వరసలోనే ఉంటాయి. వస్తువు కొనుక్కున్నవాళ్ళ మాట వినాలి గానీ అమ్మినవాళ్ళ మాట కాదు. మా క్లినిక్కులో ఒక ప్రింటర్ ఉండేది, తన కంపెనీ సిరా కాక వేరేది పోస్తే అలిగి కూర్చునేది. దాన్ని సాగనంపి, ఎవరో పారేయబోతున్న పాతదాన్ని తెచ్చిపెట్టాను. అది ఏది పోసినా తాగుతుంది, చెప్పింది అచ్చువేస్తుంది. ఇంట్లో టీవీకి నేను ఇంటర్నెట్ ఇవ్వలేదు. బొమ్మ చూపించడం దాని పని, నేనేం చూస్తున్నానో ఎవరికో చేరవెయ్యడం కాదు. ఇక నా కంప్యూటర్లన్నిటినీ నడిపేది, ఎవరైనా ఉచితంగా తీసుకుని లోపల మార్చుకోగల లినక్సే. ఔలు నగరంలో చదువుకునే రోజుల్లో హాస్టల్లో పక్కగది అమ్మాయి ఇచ్చిన డిస్కుతో పట్టుకున్న పిచ్చి అది. మొదట్లో ఏదీ సరిగ్గా పనిచెయ్యలేదు. పనిచేయించడానికి పడ్డ తిప్పల్లోనే యంత్రం లోపల ఏముంటుందో తెలిసింది. అది విప్పి చూడనిస్తుంది, నాకు కావలసింది అంతే. నోరు తెరవని మనిషికి నేను వైద్యం చెయ్యగలనా?

మా అపార్ట్‌మెంటు నది దగ్గర ఉన్న పాత ఇటుక భవనం. కింద సెల్లారులో అందరికీ కలిపి ఒక సౌనా ఉంది, పొయ్యి మీద రాళ్ళు కాచి ఆవిరి పట్టుకునే స్నానాల గది. వారంలో ఎవరి వంతు వాళ్ళకుంటుంది. మా సంఘం అధ్యక్షుడు ఆర్టో హావెరినెన్, చెక్కమిల్లులో షిఫ్టు సూపర్‌వైజర్‌గా చేసి రిటైరైన మనిషి. ఆ వసంతంలో జరిగిన సమావేశంలో సౌనాకి కొత్త ఏర్పాటు చేద్దామని ప్రతిపాదించాడు. పొయ్యి పక్కన ఒక పెట్టె బిగిస్తారు, ఎవరి వంతు వాళ్ళు ఫోనులో యాప్‌లో పెట్టుకుంటారు, వేళకి సౌనా దానంతటదే వేడెక్కుతుంది, వంతు అయిపోగానే ఆరిపోతుంది.

ఆర్టోది ఊరికే కొత్త మోజు కాదు. నా వంతులో నువ్వెందుకు దూరావని ఏటా పోట్లాటలయ్యేవి. ఒకసారి ఎవరో పొయ్యి ఆర్పకుండా వెళ్ళిపోతే, మర్నాటి దాకా అది కాలుతూనే ఉంది. అది కళ్ళారా చూసింది ఆర్టోయే.

అయినా నేను లేచాను. "ఆ కంపెనీ మూతపడితే ఏం చేద్దాం?"

"ఎందుకు మూతపడుతుంది? నిక్షేపంలా ఉంది."

"పొయ్యి మనది, కరెంటు మనది, స్నానం మనది. మధ్యలో ఎక్కడో ఉన్న కంప్యూటర్‌ని అనుమతి అడగడం దేనికి, ఆర్టో?"

"డాక్టరమ్మా, ఖాళీ దొరికితే కంప్యూటర్ ముందు కూర్చునేదానివి నువ్వు. నువ్వే యాప్ వద్దంటే నవ్విపోతారు జనం."

నిజంగానే నవ్వారు. "వాటి సంగతి తెలుసు కాబట్టే వద్దంటున్నాను" అన్నాను గానీ ఆ నవ్వుల్లో ఎవరికీ వినపడలేదు. చేతులెత్తమంటే నాతోపాటు ఎత్తింది ఒక్క ఎల్మా మొయిలానెన్. కింది అంతస్తులో ఒంటరిగా ఉంటుంది ఆవిడ, ఎనభై దాటింది. బొత్తాల ఫోను తప్ప ఇంకోటి ముట్టదు. ప్రతిపాదన నెగ్గింది. ఒక మాట ఒప్పుకోవాలి, ఎల్మా వంతు ప్రతి వారం ఆర్టోయే గుర్తుపెట్టుకుని తన ఫోనులోంచి పెట్టేవాడు. వేసవంతా ఏ పేచీ లేకుండా గడిచిపోయింది.

సెప్టెంబరులో అందరి ఫోన్లకూ ఒక సందేశం వచ్చింది. మా పెట్టె చేసిన చిన్న కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొన్నదట, పాత సేవ ఈ నెలాఖరుతో ఆగిపోతుందట, ఇంతకాలం తమతో ఉన్నందుకు కృతజ్ఞతలట. ఆర్టో ఫోను చేస్తే, కొత్త పెట్టె వసంతంలో పంపిస్తామన్నారు.

నేను మెట్లు దిగి ఆయన తలుపు తట్టాను. "ఆ పెట్టె ప్రతి నిమిషం కంపెనీ కంప్యూటర్‌ని ఏదో అడుగుతూ ఉంటుంది. అవతలి కంప్యూటర్ ఆగిపోకముందే ఆ మాటలు వినిపెట్టుకుంటాను. సెల్లారులో నా పాత ల్యాప్‌టాప్ ఒకటి పెట్టనియ్యి."

"విని ఏం చేస్తావు?"

"తర్వాత అవే మాటలు నేను చెబుతాను."

ఆర్టో గడ్డం గోక్కున్నాడు. "వినడమే కదా, విను. దేన్నీ ముట్టుకోకు."

నిజం చెప్పాలంటే ఆ పదిహేను రోజులూ నాకు పండగలా గడిచింది. క్లినిక్ నుంచి రాగానే సెల్లారుకి దిగేదాన్ని. ఆ పెట్టె మాటలకి తాళం గీళం ఏమీ లేదు, పోస్టుకార్డు రాసినట్టు బాహాటంగా రాసి పంపిస్తోంది. ఇలాంటివాటిని డబ్బు తీసుకుని అమ్మేవాళ్ళకి సిగ్గెందుకు లేదో తెలియదు గానీ, ఈసారి వాళ్ళ బద్ధకమే నాకు కలిసొచ్చింది. "వేడి చెయ్యనా?" అని పెట్టె అడుగుతుంది. "చెయ్యి" అనో, "ఆగు" అనో, "ఫలానా గంటకి చెయ్యి" అనో అటునుంచి జవాబు వస్తుంది. జవాబు రాకపోతే ఏమీ చెయ్యదు. అంత పెద్ద పొయ్యి, ఎదురుగా మనిషి చలికి వణుకుతూ నిలబడినా, ఎక్కడినుంచో ఎవరో ఊఁ అనేదాకా కదలదు!

అక్టోబరు రాగానే జవాబులు ఆగిపోయాయి. సౌనా చల్లబడింది.

ఆర్టో దగ్గరికి వెళ్ళి అంతా సిద్ధంగా ఉందన్నాను. పెట్టె పాత కంపెనీ పేరు పెట్టి పిలిచినప్పుడు, మన భవనం లోపలి నెట్‌వర్కే దాన్ని నా ల్యాప్‌టాప్ దగ్గరికి పంపిస్తుంది, ల్యాప్‌టాప్ బదులు చెబుతుంది, పెట్టెకి తేడా తెలియను కూడా తెలియదని వివరించాను.

"కుదరదు" అన్నాడు.

"ఎందుకని?"

"అది ఆటబొమ్మ కాదు కైసూ, నిప్పు. రేపు ఏమన్నా అయితే బీమావాళ్ళు అడిగేది నన్ను. పళ్ళ డాక్టరు ఇంట్లో రాసిన ప్రోగ్రాముతో పొయ్యి వెలిగిస్తున్నామని చెప్పనా?"

కోపం వచ్చింది. ఆ మాటలో న్యాయం ఉండేసరికి ఇంకా ఎక్కువ వచ్చింది. "అయితే వసంతం దాకా కంపుకొట్టండి, ప్రెసిడెంటు గారూ" అని వచ్చేశాను.

ఇంట్లో షవర్లు ఉన్నవాళ్ళం ఎలాగో సర్దుకున్నాం. రెండో వారం ఎల్మా మెట్ల దగ్గర ఆర్టోని నిలేసింది. నేను పైనుంచి దిగుతూ ఆవిడ గొంతు విని ఆగాను.

"ఆర్టో, మా బాత్రూములో షవర్ తొట్టి మీద ఉంటుందని తెలుసు కదా నీకు. ఆ గట్టు మీంచి కాలెత్తలేను నేను. పోయిన శనివారం గిన్నెలో నీళ్ళు కాచుకుని గుడ్డతో ఒళ్ళు తుడుచుకున్నాను."

"తెలుసు పెద్దమ్మా. ఇంకెంత, వసంతం..."

"వసంతానికి నేనుంటానని రాసిచ్చావా?"

"అలా అనకండి."

"అంటాను. మా నాన్న కట్టిన సౌనాలో కరెంటే లేదు. కట్టెలు పెడితే మండేది, తియ్యకపోయినా ఆరేది. ఎవడూ దాన్ని హెల్సింకీలో కూర్చుని ఆర్పగలిగేవాడు కాదు. ఆ పిల్ల బాగుచేస్తానంటే వద్దన్నావట?"

"ఏమన్నా జరిగితే బాధ్యత నాదే కదా, పెద్దమ్మా."

"కరెంటు పనివాణ్ణి పిలిచి చూపించు మరి. నీకు నోరు లేదా, ఫోను లేదా? ఆ ఫోను చూసుకునేగా ఇంత చేశావు."

ఆర్టో తలెత్తి చూసేసరికి మెట్ల మీద నేను కనిపించాను. "నువ్వే పంపించావా ఈవిణ్ణి?" అన్నాడు.

"నన్ను ఎవరూ పంపలేదు. నన్ను చూసి నువ్వే పరిగెత్తబోయావు" అంది ఎల్మా.

అలా ఇలారి వచ్చాడు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్, నెమ్మదస్తుడు. పొయ్యి మూత తీసి చూసి, అతిగా వేడెక్కితే ఆపేసే మీటా, పెట్టె బిగించిన రోజునే కొత్తగా చేర్చిన, కొంతసేపయ్యాక కరెంటు తెంచే గడియారమూ పొయ్యిలోనే విడిగా ఉన్నాయనీ, పెట్టె ఏం చెప్పినా వాటిని దాటలేదనీ తేల్చాడు. వాటిని మా ఎదుటే పరీక్షించి, ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఆర్టో దాన్ని చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే, కానివ్వు" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం క్లినిక్ తొందరగా మూసుకుని వచ్చాను. కొంతమంది సెల్లారులో గుమిగూడారు. ల్యాప్‌టాప్ ముందు పీట వేసుకుని కూర్చుని "చెయ్యి" అని జవాబు పంపాను. పొయ్యి టక్కుమంది. కాసేపటికి రాళ్ళ నుంచి ఎండిన దుమ్ము వాసన లేచింది. ఎల్మా దోసిలితో నీళ్ళు చల్లితే రాళ్ళు బుస్సుమన్నాయి, అందరూ చప్పట్లు కొట్టారు. గర్వం లేదని ఎలా చెప్పను? మర్నాటికి అందరి వంతులూ రాసిపెట్టి పైకి వెళ్ళిపోయాను. సాయంత్రం ఐదింటికి మొదటి వంతు ఎల్మాది. ఆవిడ నన్ను కూడా రమ్మంది.

శనివారం రాళ్ళు కాగేదాకా ఆగి, ఐదున్నరకి తువ్వాళ్ళూ, ఆవిరిలో ఒంటికి కొట్టుకునే బర్చ్ కొమ్మల కట్టా పట్టుకుని దిగాం. తలుపు తీస్తే లోపల గోదాములా చల్లగా ఉంది.

ఎల్మా రాళ్ళ మీద చెయ్యి పెట్టి చూసింది. "ఐస్‌క్రీము పెట్టుకోవచ్చు ఇందులో."

నేను తువ్వాలు చుట్టుకునే ల్యాప్‌టాప్ దగ్గరికి పరిగెత్తాను. అంతా సవ్యంగానే కనిపిస్తోంది. పెట్టె అడిగింది, నా ప్రోగ్రాం "ఐదింటికి చెయ్యి" అని బదులిచ్చింది, పెట్టె సరేనంది. సరేనని చెప్పి కదలకుండా కూర్చుంది. మళ్ళీ మళ్ళీ చూశాను. నిన్న పనిచేసింది ఇవాళ ఎందుకు చెయ్యలేదో అంతుపట్టలేదు. నా వెనక ఆరింటి వంతువాళ్ళు బక్కెట్లతో వచ్చి నిలబడ్డారు. ఒకరు దగ్గారు. ఇంకొకరు యాపే నయమన్నారు. ఎల్మా మాత్రం కోటు మళ్ళీ తొడుక్కుని గోడ పట్టుకుని నెమ్మదిగా పైకి వెళ్ళింది. అది నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఇంటికెళ్ళి రాతలన్నీ ముందేసుకుని కూర్చున్నాను గానీ, ఒక్క తప్పూ కనిపించలేదు.

ఎనిమిది దాటాక ఫోను మోగింది. ఆర్టో.

"నువ్వు ఇప్పుడు ఏమన్నా నొక్కావా?"

"లేదే. ఏం?"

"లాండ్రీ గది తాళం వెయ్యడానికి దిగాను. సౌనా తలుపు వెచ్చగా తగిలింది. తీసి చూస్తే పొయ్యి కాలుతోంది."

"ఎప్పటినుంచి?"

"రాళ్ళు ఇంకా పూర్తిగా కాగలేదు. ఎనిమిదింటికే మొదలై ఉండాలి." ఆయన తలుపు మూసిన చప్పుడు వినిపించింది. "కైసూ, మిల్లులో నాకు ఇలాంటిదే ఒకటి తగిలింది. జర్మనీ నుంచి వచ్చిన యంత్రం, దాని గడియారం వాళ్ళ ఊరి టైములోనే నడిచేది. షిఫ్టు గంట ఎప్పుడూ గంట తేడాగా మోగేది. ఐదింటికి కావలసింది ఎనిమిదింటికి వచ్చిందంటే..."

"మూడు గంటలు" అన్నాను. అని లేచి నిలబడ్డాను. అక్టోబరులో ఇంకా వేసవి కాలమానమే, గడియారాలు గంట ముందుకి జరిపే ఉంటాయి. మనకీ గ్రీనిచ్‌కీ మూడు గంటలు తేడా. పెట్టె గ్రీనిచ్ గంటల్లో బతుకుతోంది! నేను వినిపెట్టుకున్న పాత మాటల్లో అదంతా కళ్ళముందే ఉంది. కంపెనీ పంపిన ప్రతి గంటా మన వంతుకి మూడు తక్కువగానే ఉంది. వాక్యం ఎలా కట్టారో చూసి మురిసిపోయి, అందులోని అంకెలు చూడలేదు నేను. నిన్న "ఇప్పుడే చెయ్యి" అన్నాను కాబట్టి గడియారంతో పనే పడలేదు.

"ఆర్టో, నువ్వు బంగారం."

"ఇంతకుముందు కంపుకొట్టమన్నావు."

దిగి వెళ్ళి పక్కన ఆయన నిలబడి ఉండగానే సరిచేశాను. నెలాఖరులో గడియారాలు మారినా గందరగోళం లేకుండా లెక్క ప్రోగ్రాముకే అప్పగించాను. ఆయన ఒక్కో వరసా చదివించుకుని, అర్థం కానిచోట మళ్ళీ చెప్పించుకున్నాడు. ఈలోగా రాళ్ళు బాగా కాగాయి.

"ఇంత కరెంటు కాలాక వృథా చెయ్యడమెందుకు?" అని వెళ్ళి ఎల్మా తలుపు తట్టాడు. ఆవిడ అప్పటికే రాత్రి గౌనులో ఉందట. అయినా వచ్చింది. పై బల్ల మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రాళ్ళ మీద గరిటెలకి గరిటెలు నీళ్ళు పోసింది. ఆవిరి చెవులు కాల్చేస్తుంటే నేను కింది బల్ల మీదకి జారాను.

"దిగిపోయావా, పిల్లా? కంప్యూటర్లకి ఓపిక ఉంది గానీ సౌనాకి లేదు నీకు" అని, కొమ్మల కట్టతో నా వీపు మీద నాలుగు వేసింది. చాలాసేపటికి, గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుని, "ఒంట్లో ఎముకలున్నాయని మర్చిపోయాను ఇప్పుడు" అంది.

తర్వాతి శనివారాలు ఏ లోటూ లేకుండా నడిచాయి. జనం నన్ను మెట్ల మీద ఆపి మరీ మెచ్చుకున్నారు. యాపే నయమన్న మనిషి యాలకుల బన్నులు తెచ్చి ఇచ్చాడు. ఆర్టో ఒక్కడు పొగడలేదు. ఒకరోజు కాఫీకి పిలిచి, మా వైపు అలవాటు ప్రకారం కాఫీ కప్పులోనే జున్ను ముక్కలు వేస్తూ, "నీ ల్యాప్‌టాప్ చచ్చిపోతే?" అన్నాడు.

"ఇంకోటి పెడతాను."

"నువ్వు ఊళ్ళో లేకపోతే?"

నేను కాఫీ తాగాను.

"నువ్వు ఇంకో ఊరికి మారిపోతే? వసంతంలో నువ్వు నన్నడిగిన ప్రశ్నే ఇది, డాక్టరమ్మా. కంపెనీ తీసి ఆ స్థానంలో కైసుని పెట్టాం, అంతేగా? కంపెనీ కన్నా నువ్వు మంచిదానివే, కాదనను. కానీ సౌనా ఇంకా ఎవరినో ఒకరిని అడుగుతూనే ఉంది."

జున్ను ముక్క నా పళ్ళ కింద కీచుమంది. నిజానికి ఆ మాట నాకు ముందే తట్టాల్సింది. నా ప్రోగ్రాము మీద నాకున్న ముద్దు అడ్డొచ్చింది.

"అయితే ఏమంటావు?"

"ఇలారిని అడిగాను. పెట్టె పీకేసి, తలుపు పక్కన తిప్పుకునే టైమరు ఒకటి బిగిస్తానన్నాడు. తిప్పితే వెలుగుతుంది, గంటకో రెండు గంటలకో అదే ఆరుతుంది. వంతులు గోడ మీద పలక పెట్టి రాసుకుందాం. పోట్లాటలు వస్తే నేను పడతాను."

"అది నాకూ నచ్చింది" అన్నాను. నచ్చింది కూడా. కంప్యూటర్ అవసరం లేని చోట కంప్యూటర్ పెట్టకూడదని గట్టిగా నమ్మేదాన్ని నేను. లినక్స్ అయినా సరే.

నవంబరులో నది గట్టు వెంట మంచుపొర కట్టే రోజుల్లో ఒక శనివారం ఇలారి ఆ పని చేశాడు. మొదట తిప్పింది ఎల్మా. కిటికిటికిటిమని ఆ చక్రం తిరుగుతుంటే ముందుకి వంగి వింది. తర్వాత ఎవరినీ అడగకుండా లోపలికెళ్ళి తలుపేసుకుంది. నేను ల్యాప్‌టాప్ తీగలు చుట్టుకుని, దుమ్ము దులిపి, చంకలో పెట్టుకుని పైకి వచ్చాను. కాస్త వెలితిగా అనిపించింది, రాత్రి భోజనం దాకా.

మర్నాడు ఆదివారం ఆర్టో నా తలుపు కొట్టాడు. చేతిలో ఆయన సొంత కంప్యూటర్. ముఖం ఎర్రగా ఉంది.

"దీన్ని నడిపే ప్రోగ్రాం కొత్త వర్షను పట్టనంత ముసలిదైపోయిందట ఇది, పారేసి వేరేది కొనుక్కోమంటోంది తెర మీద. నాకన్నా చిన్నది! శుభ్రంగా పనిచేస్తోంది, మూల మీద ఒక గీత కూడా పడలేదు." దాన్ని నా బల్ల మీద పెట్టి కుర్చీ లాక్కున్నాడు. "ఆ నీ లినక్స్ సరంజామా దీని మీద ఎక్కించు."

"ఎక్కించను. నువ్వే ఎక్కిస్తావు, నేను పక్కన కూర్చుంటాను."

గొణిగాడు, కళ్ళజోడు పెట్టుకున్నాడు. మధ్యాహ్నమంతా పట్టింది. ప్రతి ప్రశ్నకీ ఆగి, పైకి చదివి, మిల్లులో మీటలు చూసినంత జాగ్రత్తగా నొక్కాడు. అంతా అయ్యాక తెర వెలిగింది. ఆయన చేతులు కట్టుకుని కాసేపు దానివైపే చూశాడు.

"నా పేకాట ఏదీ?"

"వెతుక్కో."

వెతుక్కున్నాడు. ఒకటి కాదు, చాలా రకాలున్నాయి. నేను పొయ్యి మీద సూపు పెట్టి వచ్చేసరికి రెండో ఆట ఓడిపోయి, ఇది మోసం చేస్తోందని మొదలుపెట్టాడు.

"దీని లోపల రాసినదంతా తీసి చూడొచ్చు, ఆర్టో. మోసం ఉంటే దొరుకుతుంది."

"అవునా?" అని కళ్ళజోడు సవరించుకుని ముందుకి జరిగాడు. "ఎక్కడ, చూపించు."